పొలం గట్టు దగ్గర ఆగిపోయే లెక్క

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 99 కౌంటీలున్నాయి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అక్కడ మొక్కజొన్న, సోయా వేసే రైతుకు కేంద్ర ప్రభుత్వం నుంచి ఎంత సొమ్ము అందుతుందన్నది చాలాసార్లు అతని పొలంలో ఏం పండిందన్నదాన్ని బట్టి కాక, ఆ పొలం ఏ కౌంటీలో ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది.

ధరలతో నిమిత్తం లేకుండా ఏటా ఇచ్చే నేరు చెల్లింపులను 2014 వ్యవసాయ చట్టం రద్దు చేసి, వాటి స్థానంలో రెండు పథకాలు తెచ్చింది. పంట ధర నిర్ణీత స్థాయి కంటే పడిపోతే ఇచ్చేది ఒకటి (పీఎల్‌సీ), కౌంటీ మొత్తంలో ఆ పంటపై ఎకరాకు వచ్చే ఆదాయం పడిపోతే ఇచ్చేది రెండోది (ఏఆర్‌సీ). రెండోదానికి ఐదేళ్ల దిగుబడుల్లోనూ ధరల్లోనూ గరిష్ఠ, కనిష్ఠాలను తీసేసి సగటు కడతారు. ఆ ఏటి కౌంటీ ఆదాయం ఈ సగటులో 86 శాతం కంటే తగ్గినప్పుడే చెల్లింపు ఉండేది; 2025 జూలైలో వచ్చిన చట్టం ఆ గీతను 90 శాతానికి జరిపింది. వడగళ్లకు ఒక రైతు చేను మొత్తం నేలపాలైనా, కౌంటీలో మిగతావాళ్లకు బాగా పండితే ఈ పద్దు కింద అతనికి పైసా రాదు. విడిగా కట్టుకున్న పంటల బీమాయే దిక్కు. గ్రామాన్నో మండలాన్నో యూనిట్‌గా పెట్టి, పంటకోత ప్రయోగాల సగటుతో పరిహారం తేల్చే మన బీమా పథకాలను చూసిన తెలుగు రైతుకు ఈ బాధ కొత్తది కాదు.

సగటును పూర్తిగా తప్పుపట్టలేం. ప్రతి పొలం దిగుబడీ విడిగా తేల్చాలంటే ఖర్చు మోయలేనిది, దొంగ లెక్కలకూ దారి దొరుకుతుంది. అయితే కౌంటీ హద్దు ఎంత విడ్డూరంగా పనిచేయగలదో 2019లో కనిపించింది. చైనాతో సుంకాల పోరులో నష్టపోయిన రైతులకు ట్రంప్ ప్రభుత్వం ఇచ్చిన పరిహారంలో, చాలా పంటలకు ఎకరా రేటును పంటను బట్టి కాక కౌంటీని బట్టి 15 నుంచి 150 డాలర్ల మధ్య నిర్ణయించారు. దానితో రోడ్డుకు అటూ ఇటూ ఒకే పంట వేసినవారికి రెండు రేట్లు పడ్డాయి. ఏ పంటకు ఎక్కువ సొమ్ము వస్తుందో చూసి రైతులు విత్తనం మార్చకూడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కారణం సబబైనదే, ఫలితం మాత్రం పొరుగువారి మధ్య పేచీ.

నా దృష్టిలో హద్దుకన్నా పెద్ద చిక్కు ‘బేస్ ఎకరాల’ది. ఏఆర్‌సీ, పీఎల్‌సీ చెల్లింపులు ఈ ఏడు విత్తిన ఎకరాలకు కాదు, గత సాగు చరిత్రను బట్టి రికార్డులో నిలిచిన ఎకరాలకు, అందులోనూ 85 శాతానికి వస్తాయి. మొక్కజొన్న బేస్ ఉన్న నేలలో సోయా వేసినా మొక్కజొన్న లెక్కన సొమ్ము వస్తుంది. అంటే సాయం సేద్యానికి కాక నేలకు అంటుకుని ఉంటుంది. నేలకు అంటుకున్నది కౌలులోకి పాకకుండా ఉండదు.

ఆ దేశపు సాగుభూమిలో సుమారు 40 శాతం కౌలుదే. అయితే చట్టం కౌలుదారును వదిలేయలేదు: నగదు కౌలైతే చెల్లింపు సాగు చేసేవాడికే, పంట పంచుకునే కౌలైతే ఇద్దరికీ. 2018 మేలో ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలతో మొదలైన తెలంగాణ రైతుబంధు పట్టాదారుకే సొమ్మిచ్చి, కౌలు రైతును నిబంధనతోనే బయట పెట్టింది. అమెరికాలో ఆ పని నిబంధన చేయదు, కౌలు బేరం చేస్తుంది. చెల్లింపులో ఎంత భాగం చివరికి భూస్వామికి చేరుతుందన్నదానిపైనే ఆర్థికవేత్తల వాదన. కొంత చేరుతుందన్నదానిపై పెద్దగా తగవు లేదు.

అయోవాలో కౌలు ముగించాలంటే సెప్టెంబరు 1లోగా నోటీసివ్వాలి, కొత్త కౌలు మార్చి 1న మొదలవుతుంది. ఏఆర్‌సీ సొమ్ము మాత్రం పంట కోసిన మరుసటి ఏడాది అక్టోబరు వచ్చాకే అందుతుంది. ఆ సొమ్ము ఇంకా కౌలుదారు చేతికి రాకముందే, కౌంటీకి ఎంత రావచ్చో అంచనాలు చూసుకున్న భూస్వామి వచ్చే ఏటి కౌలు ఎంత పెంచాలో అడిగేసి ఉంటాడు.