అనంతపురం గొర్రె మీద అభియోగపత్రం

మొన్నటిదాకా మా అనంతపురం గొర్రెను అమాయకపు జీవి అనుకుంటూ వచ్చాను. తల వంచుకొని నడుస్తుంది, ముందుదాని తోక తప్ప ప్రపంచంలో ఇంకేమీ చూడదు, ఎవరి జోలికీ పోదు. అది లోలోపల ఏమి చేస్తోందో చదివాక నాకు నిద్ర పట్టలేదు. అది త్రేన్చుతోంది.

గొర్రె పొట్టలో నాలుగు అరలు. అన్నిటికన్నా పెద్ద అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. అక్కడ పుట్టిన మీథేన్ త్రేన్పుగా బయటికి వస్తుంది. (వెనకవైపు నుంచి వస్తుందని వాదించే పెద్దలు మా వీధిలోనే ముగ్గురున్నారు. తప్పు. చాలావరకు నోటినుంచే.) నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. అంటే పెన్నా ఒడ్డున ఒక గొర్రె తృప్తిగా త్రేన్చితే ఎక్కడో మంచుకొండ చెమటలు కక్కుతుందన్నమాట. వానలు పడనందుకు ఇన్నాళ్లూ దేవుణ్ని అనవసరంగా తిట్టాం.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు 1.76 కోట్లు. తెలంగాణ తర్వాత దేశంలో మనదే రెండో స్థానం. ఇన్ని నోళ్లు ఒకేసారి తెరిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

రోమ్ నగరంలోని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ నేరాన్ని ఎప్పుడో పట్టుకుంది. మనిషి వల్ల పుట్టే వేడి వాయువుల్లో పశుపోషణ వాటా 18 శాతమని 2006లో తేల్చింది. 2013లో 14.5 శాతమంది. 2023 నివేదికలో దాదాపు 12 అంది. ఈ పదిహేడేళ్లలో మా గొర్రెలు ఏ ప్రాణాయామమూ చేసినట్టు దాఖలా లేదు. పాత లెక్కనే కొత్త పద్ధతుల్లో వేశారు, అంతే. ఇంకొంత కాలం ఓపిక పడితే ముద్దాయి నిర్దోషిగా బయటపడే ప్రమాదం ఉంది గనుక నేను తొందరపడుతున్నాను. ఆ 2013 లెక్కలోనే మూడింట రెండు వంతుల పాపం ఆవులదనీ, గొర్రెలు మేకలు కలిసినా ఏడు శాతం దాటవనీ ఉంది. కానీ ఆవు మీద వ్యాసం రాసేంత ధైర్యం నాకు లేదు.

ఇక రెండో అభియోగం. 2022 నవంబరు 15న లోక జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2080ల మధ్యకు 1030 కోట్లు కావచ్చట. ప్రపంచంలో పండే ధాన్యంలో ఇంచుమించు మూడో వంతు పశువుల మేతకే పోతోంది. మన కంచంలో కూడు గొర్రె తింటోందన్నమాట! దీన్ని రుజువు చేయడానికి పుస్తకం, పెన్ను పట్టుకొని ఒక పూటంతా ఒక మంద వెనక నడిచాను.

అది తిన్నవి ఇవి: రేగాకు, రాలిన తుమ్మకాయలు, కోత అయిపోయిన చేలో మిగిలిన వేరుశనగ కట్టె, ఒక ఎన్నికల గోడపత్రిక కింది సగం. వీటిలో మనిషి కంచంలోకి వచ్చేది ఏదీ లేదు. చివరిది మాత్రం మనిషి అయిదేళ్లకోసారి మింగుతాడు, అరిగినట్టు నేను వినలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల ఇది. ఇక్కడ ఎండు కట్టెను మాంసంగా మార్చే యంత్రం ఇదొక్కటే. లోకం మొత్తం మీద పశువుల మేతలో 86 శాతం మనుషులు తినలేనిదే అని ఆ రోమ్ సంస్థ పరిశోధకులే 2017లో రాశారు. ఈ సాక్ష్యం ముద్దాయికి అనుకూలంగా ఉండడం చేత దస్త్రంలో అడుగున పెట్టాను.

మంద కాపరిని పలకరించాను. “అన్నా, వీటిని త్రేన్చకుండా కొంచెం అదుపులో పెట్టలేవా?”

ఆయన నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు. “త్రేన్చకపోతే పొట్ట ఉబ్బి చచ్చిపోతాయి సార్. చిటుకు రోగానికి టీకాలు వేసేది మీరేనా?”

కాదన్నాను. నాది భూగోళ విభాగం. టీకాల సంగతి నాకెలా తెలుస్తుంది?

ఆ రాత్రి మంద ఒక రైతు చేలో పడుకుంది. తెల్లవారేసరికి చేను నిండా ఎరువు. అందుకు రైతు కాపరికి ఎదురు డబ్బులిచ్చాడు. యూరియా బస్తా లేదు, బిల్లు లేదు, రాయితీ లేదు. ఎవరి లెక్కల్లోకీ రాకుండా తరతరాలుగా జరుగుతున్న ఈ లావాదేవీ మీద ప్రభుత్వం వెంటనే దృష్టి పెట్టాలి.

మర్నాడు ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాలయ్యాక కల్యాణ మండపం వెనక గుంతలో పడ్డ అన్నం, మాంసం చూస్తే చిన్న మందకు సమాధి కట్టినట్టుంది. 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అది కుళ్లినా మీథేనే వస్తుంది. అయితే గుంత త్రేన్చితే శబ్దం రాదు. పైగా పెళ్లివారు మర్యాదస్తులు.

పరిష్కారాల విషయంలో మేధావులు వెనకబడలేదు. 2013లో లండన్‌లో ప్రయోగశాల మాంసంతో ఒక బర్గర్ వండి చూపించారు. ఖర్చు రెండున్నర లక్షల యూరోలు, ఆనాటి మన లెక్కలో దాదాపు రెండు కోట్లు. సంగటిలోకి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

కర్నూలు జిల్లా మాత్రం మాటలతో సరిపెట్టలేదు. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరువేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. (ఇప్పుడు అందులో కొంత నంద్యాల జిల్లా లెక్కలోకి వస్తుంది.) సౌర విద్యుత్తు మంచిదే, నాకూ ఇంట్లో ఫ్యాను తిరగాలి. నేను మెచ్చుకునేది రెవెన్యూ భాషను. నాగలి పడని నేలకు మన దస్త్రాల్లో పేరు ‘బంజరు’. గొర్రె దాన్ని ‘భోజనం’ అంటుంది గానీ గొర్రె మాటకు పట్టా లేదు. ఏ సీమ పల్లెలోనైనా బంజరు చుట్టూ ఒకసారి కంచె పడిందంటే త్రేన్పులు వాటంతటవే బయట ఆగిపోతాయి. ఇదే ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్లకూ పశుకాపరులకూ అంకితమిచ్చింది. సన్మానానికి శాలువా కప్పాలంటే కాపరి కంచెకు ఏవైపు నిలబడాలో మాత్రం తేల్చలేదు.

ఒక్క చిక్కుంది. సౌర పలకలు కడిగిన నీళ్లకు వాటి కింద గడ్డి ఏపుగా లేస్తుంది. పలక మీద నీడ పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి ఆ గడ్డిని కోయించాలి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఈ పనికి గొర్రెలను దించుతున్నారు. అమెరికాలోనైతే కాపరులకు ఎదురు డబ్బులు కూడా ఇస్తున్నారు. కనుక మన దగ్గర కూడా గొర్రెలను కంచె లోపలికి పిలవాలని నా సిఫారసు. హోదా: సహాయ గడ్డి నియంత్రణ అధికారి. మెడలో గుర్తింపు కార్డు. పదకొండు నెలల కాంట్రాక్టు. కాపరికి ప్రవేశం లేదు. త్రేన్పులు పని వేళల తర్వాత.