క్యారెట్లు పెట్టినా పోని రేచీకటి

మా పిన్ని కొడుక్కి పదేళ్లప్పుడు వాళ్ల ఊరి తిరునాళ్లకు వెళ్లాం. రథం దగ్గర లైట్లున్నంతసేపు మా ముందే పరిగెత్తాడు. చీకటి సందులోకి తిరగ్గానే నా చొక్కా కొస పట్టుకున్నాడు, ఇల్లు చేరేదాకా వదల్లేదు. బడిలో మాత్రం చివరి బెంచీ నుంచి బోర్డు చదివేసేవాడు. అందుకే ఎవరూ కంగారు పడలేదు. రేచీకటి అన్నారు, విటమిన్ ఎ తక్కువన్నారు. రెండేళ్లపాటు ఆ ఇంట్లో రోజూ క్యారెట్లు, మునగాకే.

వాడిది విటమిన్ లోపం కాదు, రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇది జన్యువుల్లోని తప్పు వల్ల వస్తుంది. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ముందు చచ్చిపోతాయి. తర్వాత చూపు అంచుల నుంచి ముడుచుకుంటూ వస్తుంది. మధ్య చూపు చాలా ఏళ్లు బాగానే ఉంటుంది కాబట్టి, పట్టికలో అక్షరాలు చదివించే పరీక్షలో ఇలాంటి పిల్లలు పాసైపోతారు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు లాంటి కార్యక్రమాలు పల్లెల దాకా వెళ్లాయి, సంతోషం. అలాంటి ప్రతి శిబిరంలోనూ ‘రాత్రిపూట ఒక్కడివే నడవగలవా?’ అన్న ప్రశ్న ఒకటి తప్పకుండా ఉండాలి.

జబ్బు పేరు తెలిసినా, ఎందుకొచ్చిందన్న గొడవ మా ఇంట్లో ఆగలేదు. కడుపుతో ఉన్నప్పుడు పిన్ని గ్రహణం చూసిందన్నారు. చదువుకున్నవాళ్లు మేనరికం వల్లే అన్నారు. పిన్నిది మేనరికమే, బాబాయి ఆమె మేనమామ కొడుకు. వాళ్ల విషయంలో ఆ మాట నిజమే అయింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే జన్యువులో లోపం అందితేనే వచ్చే రకం అది. ఒకే తాత నుంచి ఆ లోపం ఇద్దరికీ వచ్చింది.

అయితే ప్రతి ఇంట్లోనూ ఇదే కారణం అనుకోవడం తప్పు. కొన్ని రకాలకు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన లోపం చాలు, మేనరికంతో పనే లేదు. ఇంకొన్ని రకాల్లో లోపం, కొడుక్కి తల్లి నుంచే వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లికి చూపు బాగానే ఉంటుంది, కొడుకుల్లో సగం మందికి వచ్చే అవకాశం ఉంటుంది. బయటి సంబంధమే చేసుకున్నాం కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగిన గుర్తులు బలంగా కనిపించాయి. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకుంటే, చుట్టరికం తెలియని ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండొచ్చు.

కంటి లోపల వెలుతురును పట్టే పొర రెటినా. దాని జబ్బులకు కారణమయ్యే జన్యువులు ఇప్పటికి 280కి పైగా దొరికాయి. ఏ జన్యువన్నది ఎందుకంత ముఖ్యమో ఆ విటమిన్ ఎ సంగతే చెబుతుంది. ఆర్‌పీఈ65 అనే జన్యువు చెడితే ఒంట్లో విటమిన్ ఎ ఉన్నా కన్ను దాన్ని తిరిగి వాడుకునే రూపంలోకి మార్చుకోలేదు. ఎన్ని క్యారెట్లు తిన్నా ఆ పని జరగదు. ఏబీసీఏ4 అనే జన్యువు చెడితే, మధ్య చూపు దెబ్బతినే స్టార్‌గార్ట్ జబ్బు వస్తుంది. అక్కడ విటమిన్ ఎ నుంచి పుట్టే వ్యర్థాలే రెటినాలో పేరుకుపోతాయి, కాబట్టి ఎక్కువ మోతాదు విటమిన్ ఎ మాత్రలు వేసుకోవద్దంటారు. మంచిదని అమ్మ ప్రేమగా వేసే మాత్ర కూడా కొందరికి కీడు చేస్తుంది.

మందూ అంతే. 2017 డిసెంబరులో అమెరికా అనుమతించిన లక్స్‌టర్నా జన్యు చికిత్స ఆర్‌పీఈ65 లోపం ఉన్నవాళ్లకే, అదీ రెటినాలో ఇంకా బతికున్న కణాలు ఉంటేనే. రెండు కళ్లకూ కలిపి అప్పట్లో ధర 8,50,000 డాలర్లు, ఆనాటి లెక్కలో ఐదు కోట్ల రూపాయలకు పైనే. అంత డబ్బు ఎవరి దగ్గరుంటుందన్న బాధ న్యాయమైనదే. కానీ అది చూసి జన్యు పరీక్షే దండగ అనడం నాకు మింగుడు పడదు. రాడ్ కణాలకు వెలుతురును పట్టే ప్రోటీన్‌నిచ్చే రొడాప్సిన్ జన్యువులో, ఈ జబ్బు తెచ్చే తొలి మార్పు 1990లో అమెరికాలో దొరికింది. అది అక్కడే ఎక్కువ, మిగతా దేశాల్లో చాలా అరుదు. మన లోపాలు మన కుటుంబాల్లోనే వెతకాలి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చిత్రా కన్నబిరాన్ వంటి పరిశోధకులు ఏళ్లుగా చేస్తున్నది ఆ పనే. అది కొన్ని ల్యాబ్‌ల దగ్గరే ఆగిపోకూడదు. జన్యు పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఆరోగ్యశ్రీలో చేరాలి.

పరీక్ష అక్కర తమ్ముడి ఒక్కడిది కాదు. వాడి చెల్లెలికి మేనమామ కొడుకుతో సంబంధం అనుకున్నారు. ఆమె చూపు బాగానే ఉంది, అయినా ఆ లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. ఆ అబ్బాయికి నాలుగో వంతు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం మళ్లీ నాలుగో వంతు. మొత్తం లెక్కేస్తే 24లో ఒకటి. పెద్దవాళ్లు రెండు వర్గాలై నెల రోజులు వాదించుకున్నారు. తమ్ముడి రిపోర్టులో ఏ జన్యువులో ఏ తప్పో తేలింది కాబట్టి అదే తప్పు వాళ్లిద్దరిలో ఉందో లేదో చూడటానికి చెరో ట్యూబు రక్తం చాలింది. చెల్లెలికి ఉంది. అబ్బాయికి లేదు. వైశాఖంలో పెళ్లి చేశారు.

తమ్ముడు ఇప్పుడు ఫోను చదివి వినిపిస్తుంటే పని చేసుకుంటాడు. తన జన్యువు పేరు వాడికి కంఠతా వచ్చు. ప్రపంచంలో ఎక్కడైనా దాని మీద ట్రయల్ మొదలైందా అని నెలకోసారి వెతుకుతాడు.