కీరముక్క కోసం కంచె దగ్గర నిలబడ్డ దుప్పి

అలిపిరి మెట్లెక్కినవాళ్లందరూ చూసిందే. జింకల పార్కు దగ్గర కంచె అవతల దుప్పి మూతి చాపుతుంది. ఇవతల పిల్లాడి చేతిలో ఉప్పూకారం చల్లిన కీరముక్క. వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని 'ఇంకొంచెం దగ్గరికి పోరా' అంటుంటాడు. చిరుత గొడవ ఆ ముక్క దగ్గరే మొదలవుతుందని నేనంటాను.

2023 జూన్‌లో ఒక పిల్లాణ్ని చిరుత కరుచుకుపోయి, జనం అరుపులకు వదిలేసింది. ఆగస్టులో ఆరేళ్ల పాప దక్కలేదు. ఆ తర్వాత బోన్లు పెట్టారు, చిరుతల్ని పట్టారు, భక్తులకు కర్రలిచ్చారు, పిల్లలకు మధ్యాహ్నం 2 దాటితే దారి మూశారు. జంతువులకు తిండి పెట్టొద్దని కూడా చెప్పారు. మనకు గుర్తున్నది మాత్రం కర్రే. దాని మీద ఎన్ని జోకులో!

చిరుతకు కణితి జింకైనా ఒకటే, ఊరకుక్కైనా ఒకటే. తేలిగ్గా దొరికింది తింటుంది. మెట్ల పక్కన పారేసిన పులిహోర పొట్లాలకు కోతులు, కుక్కలు, పందులు చేరతాయి. వాటి వెనకాల అది. చీకట్లో దారి వారగా పరుగెత్తే బుడ్డోడు దాని కంటికి ఎంత ఎత్తు కనిపిస్తాడో ఆలోచించండి. ఒకదాన్ని బోనులో పట్టుకెళ్తే ఆ జాగాలోకి ఇంకోటి వస్తుంది. తిండి అక్కడే ఉంది కదా.

అది అడవి అన్న సంగతే మరిచాం. సుమారు 353 చదరపు కిలోమీటర్ల శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 1989లో ఏర్పడింది. 2010లో దాన్ని కలుపుకుని శేషాచలం కొండలు బయోస్ఫియర్ రిజర్వ్ (ప్రకృతిని కాపాడే రక్షిత ప్రాంతం) అయ్యాయి. ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైటు, దాని మీద పలకలు పేర్చినట్టు క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండింటి మధ్య ఉన్న ఆ గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్లు గల్లంతు, అంటే ఆ కాలపు రాళ్లే అక్కడ లేవు. మలుపులకు కళ్లు తిరిగి సీటు పట్టుకున్నవాళ్లకు అది కనబడదులెండి. ఇలాంటి కొండల్లోనే, చెమ్మ ఉన్న రాతి చీలికల్లో బంగారు బల్లి బతుకుతుంది. 1870లో దాన్ని లోకానికి పరిచయం చేసింది బెడ్డోమ్ అనే బ్రిటిష్ సైనికాధికారి. ఇక్కడి పేరీత మొక్క శాస్త్రీయ నామంలోనూ ఆయన పేరే ఉంది. ఇక ఎర్రచందనం. దుంగలు పట్టుబడ్డప్పుడల్లా పేపర్లో చూస్తాం. అడవిలో నిలబడ్డ చెట్టును, మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలిన ఆ నల్లటి బెరడును చూపిస్తే తిరుపతివాళ్లమే తడుముకుంటాం.

అలిపిరి తనిఖీలో బీడీకట్ట దొరికితే లాగేసుకుంటారు. ప్లాస్టిక్ సీసాలు ఆపినప్పుడు గొణిగాం, తర్వాత అలవాటుపడ్డాం. తిండి విషయంలోనూ అంత పట్టుదల కావాలి. కూర్చుని తినే చోట్లు కొన్నే ఉండాలి, పొద్దుగూకకముందే చెత్త కొండ దిగాలి, కంచె దగ్గర కీరల బేరం పూర్తిగా ఆగాలి. పిల్లాడు ఏడిస్తే? ఆ ముక్క వాణ్నే తినమంటే సరి.