పార్టీ మారిన టపాకాయలు

మా అమ్మ వడియాలు పెట్టడానికి పంచాంగం చూడదు, ఆకాశం చూస్తుంది. 2021 మార్చి 14 ఆదివారం ఆకాశం బాగానే ఉంది. ఆ రోజు జీవీఎంసీ, అంటే మా విశాఖపట్నం కార్పొరేషన్, ఓట్ల లెక్కింపని ఆకాశంలో ఎక్కడా రాసి లేదు కాబట్టి ఆవిడ తప్పు ఏమీ లేదు. తప్పంతా నాదే. ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఈ విషయంలో భిన్నాభిప్రాయం లేదు.

మాది అక్కయ్యపాలెంలో ఒక సందు. మా ఎదురింటాయన్ని నేను బావగారు అంటాను. చుట్టరికం ఏమీ లేదు. గోడ దగ్గర స్కూటరు పెట్టుకునే విషయంలో ఒకసారి మాటా మాటా అనుకున్నాం, ఆ తరవాత బావగారూ బావగారూ అనుకోవడం మొదలుపెట్టాం. ఆయనకి ఒక పార్టీ ఉంది. ఏ పార్టీ అని అడక్కండి, నేను రేపు కూడా ఆ సందులోనే ఉండాలి.

పోలింగు బుధవారం అయింది. గురువారం రాత్రి భోజనాలయ్యాక బావగారు ఒక పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ మా గేటు తీశాడు.

"బావగారూ, ఇది మీ మెట్ల కింద మూడు రోజులుంచాలి."

"ఏటిది?"

"విజయోత్సవం," అన్నాడు గొంతు తగ్గించి.

పెట్టె నిండా టపాకాయలు. పదివేల వాలా ఒకటి, వెయ్యి వాలాలు నాలుగు, ఆకాశంలోకి వెళ్ళి పేలే షాట్ల డబ్బాలు రెండు, లక్ష్మీ బాంబులు లెక్కలేనన్ని. మొత్తం 5,800 రూపాయలట. పెట్టె మూత మీద వాళ్ళ అభ్యర్థి రెండు చేతులూ జోడించి నవ్వుతున్న పోస్టరు అంటించి ఉంది. సొంతింట్లో పెట్టుకోవచ్చు కదా అంటే, వాళ్ళావిడ ఒప్పుకోలేదట. ఒప్పుకోకపోవడానికి ఆవిడకి కారణం ఉంది. 2019 అసెంబ్లీ ఎన్నికలప్పుడు కూడా ఈయన గెలుపు మనదేనని ముందే కొన్నాడు. ఓడిపోయాక, పోనీలే దీపావళికి పనికొస్తాయి అని అటక మీద దాచాడు. విశాఖపట్నంలో ఇనప గేటే సముద్రపు గాలికి ఏడాదిలో తుప్పు పట్టి రాలిపోతుంది, టపాకాయలు ఒక లెక్కా? తీరా దీపావళి నాడు వెలిగిస్తే ఒక్కొక్కటీ తుస్సుమని, పిల్లలు ఏడ్చి, ఆవిడ నవ్వి, పెద్ద గొడవైంది.

మా ఆవిడ మాత్రం ఊరుకుంటుందా? మెట్ల కిందే గ్యాసు సిలిండరు ఉంటుంది. "సిలిండరు పక్కన బాంబులు పెట్టుకుని పడుకునే ఇల్లు ఈ ఊళ్ళో ఇంకోటుందేమో కనుక్కోండి," అంది. నేను సిలిండరుని వంటింట్లోకి జరిపాను. సమస్య పరిష్కారమైందనుకున్నాను. మగవాళ్ళకి అలా అనిపిస్తూ ఉంటుంది.

అసలు ఆ ఎన్నికల మీద మా సందుకి అంత మోజు ఎందుకంటే, అవి పద్నాలుగేళ్ళకి వచ్చాయి. అంతకుముందు కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2007లో. ఆ పాలకవర్గం గడువు 2012లో అయిపోయింది. తరవాత తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారి పాలన. అంటే తొమ్మిదేళ్ళపాటు కుళాయి రాకపోయినా, దీపం వెలగకపోయినా, పేరు పెట్టి తిట్టుకోవడానికి మనకంటూ ఒక మనిషి లేడు. ఈలోగా అనకాపల్లి, భీమిలి కూడా వచ్చి కలిశాయి, 72 వార్డులు 98 అయ్యాయి. 2020 మార్చిలో నామినేషన్లు కూడా వేశాక కరోనా వచ్చి ఆపేశారు. ఏడాది తరవాత మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టారు. మా వార్డులో ఒకాయన నామినేషన్ నాటికి నల్లజుట్టుతో ఉండి, పోలింగు నాటికి తెల్లబడ్డాడు.

మా ఇంటి ముందు కాలవ మీద పలక 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి చెట్టు పడి విరిగింది. దాని మీద చెక్క వేసుకుని నడుస్తున్నాం. ప్రచారానికి వచ్చిన ముగ్గురు అభ్యర్థులూ ఆ చెక్క మీదే నిలబడి, గెలిస్తే ముందు ఈ పలకే వేయిస్తామన్నారు. ఒకాయన అంటూ ఉండగానే చెక్క కిర్రుమంది, ఆయన మాట మధ్యలో ఆపి గట్టు మీదికి గెంతాడు. ముగ్గురూ వెళ్తూ వెళ్తూ "ఓటు మనకే కదా?" అన్నారు. "మీరు నాకు చెప్పాలా?" అన్నాను ముగ్గురితోనూ. ఇందులో ఎక్కడా అబద్ధం లేదు, చూసుకోండి.

ఇక ఆదివారం సంగతి. ముందురోజే అమ్మ నరసింహనగర్ రైతుబజారు నుంచి నాచేత పెద్ద బూడిద గుమ్మడికాయ మోయించింది. రాత్రి ముక్కలు కోసి, ఉప్పు, పసుపు వేసి, గుడ్డలో మూటకట్టి, మీద పొత్రం పెట్టింది, నీరంతా దిగాలని. తెల్లారి మినప్పిండిలో పచ్చిమిర్చి, ఆ ముక్కలు కలిపి, ఏడున్నరకల్లా మేడ మీద పాత పంచె పరిచి వరసలుగా పెట్టేసింది. వరసకి ఇరవై, పదహారు వరసలు. ఎనిమిదింటికి అక్కడ లెక్కింపు మొదలైంది.

ఆ ఎన్నికలు బ్యాలెట్ కాగితాల మీద జరిగాయి. కట్టలు కట్టాలి, విడదీయాలి, చెల్లనివి పక్కన పెట్టాలి. మా వార్డు ఫలితం సాయంత్రం దాకా తేలలేదు. కానీ ఊరు మొత్తం మీద గాలి ఎటుందో మధ్యాహ్నానికే తెలిసిపోయింది. చివరికి లెక్క తేలేసరికి 98లో వైఎస్సార్‌సీపీకి 58, టీడీపీకి 30, జనసేనకి 3, బీజేపీకి 1, సీపీఐకి 1, సీపీఎంకి 1, స్వతంత్రులకి 4. టీవీలో అంకెలు కదులుతున్నకొద్దీ బావగారు మాస్కు పైకి లాక్కుంటూ పోయాడు. పొద్దున్న గడ్డం కింద ఉన్నది మూడింటికి కళ్ళదాకా వచ్చింది. కరోనా అప్పటికి తగ్గిందనుకుంటున్న రోజులు, సందు మొత్తం మీద మాస్కు సరిగ్గా పెట్టుకున్నది ఆయనొక్కడే.

"ఉక్కు ఫ్యాక్టరీ అమ్మేస్తామని కేంద్రం వాళ్ళు జనవరిలో చెప్పారు కదా, జనం ఆ కోపం చూపించరా?" అన్నాడు.

"చూపించారు. అమ్ముతామన్నవాళ్ళకి ఒకటే వచ్చింది."

"మరి మిగిలిన కోపం?"

"మిగిలినవాళ్ళందరూ అమ్మొద్దనే అన్నారు కదా బావగారూ, కూర్మన్నపాలెంలో ఉక్కు దీక్షల దగ్గర అందరి టెంట్లూ ఒకే వరసలో ఉన్నాయి. ఎవరి మీద చూపిస్తారు?"

ఆయన దానికి జవాబు చెప్పలేదు. మెట్ల కింద పెట్టె వైపు చూసి నిట్టూర్చాడు.

సరిగ్గా అప్పుడు నా బుర్రలో వెలిగింది. వెలగకుండా ఉండాల్సింది.

మా సందు చివరింటి కుర్రాడు అవతలి పార్టీ. నన్ను అన్నయ్యా అంటాడు, బావగారిని మావయ్యగారూ అంటాడు. వీళ్ళు మొత్తం మీద గెలుస్తున్నారని మధ్యాహ్నమే ఉన్న సరుకంతా కాల్చి పారేశారు. నాలుగు గంటలకి సొంత వార్డు ఫలితం వచ్చేసరికి చేతిలో కాకరపువ్వొత్తి కూడా లేదు. మార్చి నెల, పైగా ఆదివారం సాయంత్రం, అప్పటికప్పుడు టపాకాయలు ఎక్కడ దొరుకుతాయి? కుర్రాడు బైకు మీద పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. "పరువు పోతాది అన్నయ్యా, ఊరేగింపు వచ్చేస్తంది," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

నేను బావగారిని పక్కకి పిలిచాను. దీపావళి దాకా ఉంచితే ఏమవుతుందో గుర్తుచేశాను. ఆయన ముందు మండిపడ్డాడు. "మా టపాకాయలు వాళ్ళకా? ప్రాణం పోయినా ఇవ్వను." ఒక నిమిషం గుమ్మం ముందు పచారు చేశాడు. "ఎంతిస్తారట?" అన్నాడు.

3,500 అడిగాం, 3,000కి తెగింది. బావగారి షరతు ఒకటే, తన పేరు బయటికి రాకూడదు. కుర్రాడితో, మా బావమరిది పెళ్ళికి కొన్నవి మిగిలాయి అని చెప్పాను. నాకు బావమరదులు లేరు. పెట్టె బయటికి తెచ్చాక గుర్తొచ్చింది, మూత మీద ఓడిపోయినాయన ఇంకా నవ్వుతున్నాడు. కుర్రాడు పోస్టరు చూశాడు, నన్ను చూశాడు, ఎదురింటి కిటికీ చూశాడు. ఏమీ అనలేదు. ఆ మర్యాదకి నేనిప్పటికీ వాడిని మెచ్చుకుంటాను. గబగబా పోస్టరు పీకేశాడు గానీ జిగురు గట్టిదేమో, మొహం ఊడి వచ్చింది, జోడించిన చేతులు మాత్రం అట్టకే ఉండిపోయాయి. గెలిచినాయన విజయోత్సవానికి ఓడిపోయినాయన నమస్కారంతో పెట్టె బయల్దేరింది.

ఊరేగింపు ఐదున్నరకి సందులోకి వచ్చింది. డప్పులు, గులాలు, టాపు లేని జీపు. పదివేల వాలాని బావగారి గేటు దగ్గర్నుంచి మా గేటు దాకా పరిచారు. అమ్మ చూద్దామని వాకిట్లోకి వచ్చింది. గెలిచినాయన జీపు దిగి, మా కాలవ చెక్క మీదుగా జాగ్రత్తగా నడిచొచ్చి, అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "పలక, నాయినా," అంది అమ్మ. ఆ చప్పుడులో ఆయనకి దీవెనలా వినబడి ఉంటుంది, మళ్ళీ వంగి దణ్ణం పెట్టాడు.

ఈలోగా ఎవడో షాట్ల డబ్బాని కాస్త పక్కకి ఒరిగేట్టు పెట్టి అంటించాడు. ఆకాశంలోకి వెళ్ళాల్సినవి మా మేడ మీదికి వెళ్ళాయి. ఒకటి, రెండు, మూడు. అమ్మ ఇంకా ఆశీర్వదిస్తూనే ఉంది. పదివేల వాలా కాగితాలు ఎర్రగా, ముక్కలు ముక్కలుగా, గాలికి లేచి పిట్టగోడ దాటి వాలుతున్నాయి. వడియాలు మొదటి రోజు పైన మాత్రమే ఆరతాయి. లోపల పిండి జిగురుగానే ఉంటుంది. వాలిన కాగితం వాలినట్టే అతుక్కుంటుంది.

నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసరికి పంచె మధ్యలో పళ్ళెమంత రంధ్రం, చుట్టూ పొగ. మిగతా వడియాలన్నీ గులాల్లో దొర్లినట్టు ఎర్రగా ఉన్నాయి. బిందెడు నీళ్ళు పోసి ఆర్పాను. ఆ నీళ్ళతో ఇంకో నాలుగు వరసలు పిండి పిండిగా కరిగిపోయాయి. టపాకాయలు చేసిన నష్టం ఎంతో, నేను చేసిన నష్టం ఎంతో అన్న లెక్కలో అమ్మకీ నాకూ ఇప్పటికీ తేడా ఉంది.

అక్కడినుంచి చూస్తే ఎదురింటి కిటికీలో బావగారు. మాస్కు కిందికి దిగిపోయింది. మొహం వెలిగిపోతోంది. నన్ను చూసి ఆగలేక అరిచాడు: "చూశారా బావగారూ, ఒక్కటీ తుస్సుమనలేదు!"

అంతటితో అయిపోయినా బాగుండేది. చివరింటి కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, అమ్మ ముందే, "అన్నయ్యా, నువ్విచ్చిన సరుకు అదిరిపోనాది," అన్నాడు.

ఆ రాత్రి పదకొండింటి దాకా మా ఇంట్లో రెండో లెక్కింపు జరిగింది. పిన్నీసులతో కాగితాలు పీకుతూ, బాగున్నవి ఒక పళ్ళెంలో, అనుమానంగా ఉన్నవి ఒక పళ్ళెంలో, చెల్లనివి ఒక పళ్ళెంలో. 320కి 94 మిగిలాయి. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఉండటంలో ఆవిడకి ఎంత శక్తి ఉందో పెళ్ళయిన ఇన్నేళ్ళలో అప్పుడే తెలిసింది. మర్నాడు బావగారు పరిహారంగా పావుకిలో మాడుగుల హల్వా తెచ్చిచ్చాడు. అది కూడా విజయోత్సవానికి ముందే ఆర్డరిచ్చిందేనని తరవాత తెలిసింది.

ఆ తరవాత ఏడాది తిరక్కుండా చెత్త పన్ను వచ్చింది. "మన చెత్తకి మనమే డబ్బులియ్యాలా?" అని అమ్మ వసూలుకి వచ్చిన పిల్లని నిలదీసింది. చివరింటి కుర్రాడు మా ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే బైకు స్పీడు పెంచేవాడు. అంతకుముందు అధికారంలో ఉన్నవాళ్ళు పలక ఎందుకు వెయ్యలేదో బావగారు చెప్పేవాడు, ఇప్పుడున్నవాళ్ళు ఎందుకు వెయ్యలేకపోతున్నారో కుర్రాడు చెప్పేవాడు. ఇద్దరి కారణమూ ఒకటే, నిధులు లేవు. కాలవ మీద చెక్క కుళ్ళిపోతే, ఎన్నికల ఫ్లెక్సీ చట్రం ఒకటి తెచ్చి దాని స్థానంలో వేశాం. ఎవరి ఫ్లెక్సీయో చెప్పను, గట్టిదే.

2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. తిన్నగా కార్పొరేటర్లూ అటునుంచి ఇటు రావడం మొదలైంది. క్యాంపుల్లో ఉన్నారని పేపర్లలో చదివేవాళ్ళం. 2025 ఏప్రిల్ 19న మేయరు మీద అవిశ్వాస తీర్మానం నెగ్గింది, ఆ నెలాఖరులోనే కొత్త మేయరు వచ్చారు. మా సందులో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. మా దగ్గర టపాకాయలు నాలుగేళ్ళ ముందే, అదీ లెక్కింపు రోజునే, పార్టీ మారాయి. పైగా 3,000కే.

ఆ ఏప్రిల్ శనివారం పొద్దున్న కూడా అమ్మ మేడ మీద వడియాలు పెట్టింది. కౌన్సిల్ సమావేశం అని టీవీలో అంటున్నారు. ఓటింగు ఇంకా అవలేదు. మిట్టమధ్యాహ్నం, పెళపెళలాడే ఎండ. అమ్మ ఎవరికీ చెప్పకుండా మేడెక్కి, వడియాల పంచె నాలుగు మూలలూ పట్టుకుని లోపలికి తెచ్చేసింది. తెచ్చాక మళ్ళీ పైకెళ్ళింది. ఎదురింట్లో బావగారు ఉత్సాహంగా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అమ్మ పిట్టగోడ మీంచి వంగి అడిగింది:

"నాయినా, ఈసారి కొన్నావా, అమ్మావా?"