జాయ్‌స్టిక్‌తో పొదుపు చేయడం ఎలా?

దుబారా పెరిగిపోయిందని ఊరంతా బాధపడుతున్న ఈ రోజుల్లో, పొదుపంటే ఏమిటో చేసి చూపించిన మనిషిగా నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత. గత తొమ్మిది నెలల్లో నేను ఒకే ఒక్క జాయ్‌స్టిక్ మీద అక్షరాలా 18,150 రూపాయలు ఆదా చేశాను. లెక్క పుస్తకం ఉంది, ఎవరైనా హన్మకొండ వచ్చి చూసుకోవచ్చు. మా ఇంటావిడ అదే పుస్తకాన్ని ఇంకో తీరుగా చదువుతుంది. చదువుకునే స్వేచ్ఛ ఎవరికైనా ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం ముందు వస్తువు సంగతి. హన్మకొండ చౌరస్తా దగ్గరి సందుల్లో ఒకప్పుడు వీడియో గేమ్ షాపులుండేవి. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. గుండ్రటి బొడిపె ఉన్న కడ్డీ ఎడమ చేతికి, ఆరు బటన్లు కుడి చేతికి. 1991లో క్యాప్‌కామ్ వాళ్ళు తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 దగ్గర పెద్ద పిల్లలు నిలబడేవారు. మాలాంటి చిన్నవాళ్ళం 'ముస్తఫా' ఆడేవాళ్ళం. ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు ఉద్యోగం వచ్చాక తెలిసింది. అందులో ముస్తఫా అనే మనిషి ఉన్నాడు, మాకు ఆ పేరు చాలింది. ఆ మెషీన్ ముందు భాగాన్ని కోసి, పెట్టెలో పెట్టి, కంప్యూటర్‌కు తగిలించుకునేలా అమ్మితే దాన్ని ఆర్కేడ్ స్టిక్ అంటారు.

జపాన్ పార్టులున్న మంచి స్టిక్కు 15,000 దాకా ఉంది. నేను 1,900 పెట్టి చవకది కొన్నాను. లెక్క పుస్తకంలో మొదటి పద్దు అదే: 'ఆదా: 13,100.' కొన్న రోజే అంత మిగిల్చిన మనిషి మా వంశంలో నాకు ముందు లేడు.

ఆడదామని కూర్చున్నాను. కడ్డీని కిందికి, అక్కడినుంచి కింది మూలకు, ఆపైన ముందుకు తిప్పి పంచ్ నొక్కితే చేతుల్లోంచి నిప్పుల బంతి రావాలి. నేను తిప్పాను, నొక్కాను. నా మనిషి కూర్చుని లేచాడు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ కూర్చుని లేచాడు. అవతలివాడు తన్నడం మానేసి చూస్తున్నట్టు అనిపించింది. పది నిమిషాలు నా మనిషి చేత గుంజీలు తీయించి, స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను.

అడుగున రబ్బరు కాళ్ళు పీకి, ఆరు స్క్రూలు విప్పితే లోపల ఏముంది? టీవీ రిమోట్. నిజంగానే. బటన్ కింద మెత్తటి రబ్బరు బుడిపె, దాని కింద నల్లటి చుక్క. అంత పెద్ద డబ్బాలో మిగతాదంతా గాలి. కంపెనీవాడిని నేను తప్పుపట్టను, 1,900కి గాలి తక్కువేమీ ఇవ్వలేదు.

ఇక్కడే మామూలు మనిషికీ పొదుపరికీ తేడా తెలుస్తుంది. మామూలు మనిషి ఆ డబ్బాను అటక మీద పడేసి ఊరుకుంటాడు. పొదుపరి అందులో మంచి పార్టులు వేస్తాడు. జపాన్ కంపెనీ సాన్వా డెన్షి వాళ్ళ జేఎల్ఎఫ్ కడ్డీ 3,200కి, ఓబీఎస్ఎఫ్-30 బటన్లు ఒక్కోటి 450 చొప్పున ఎనిమిది తెప్పించాను. ఆ పేరులో 30 అంటే బటన్ పట్టే రంధ్రం 30 మిల్లీమీటర్లని అర్థం. నా డబ్బాకున్న రంధ్రాలు అంతకు అర నూలు తక్కువ. గుండ్రటి ఆకురాయి పట్టుకుని రెండు ఆదివారాలు ఎనిమిది రంధ్రాలు అరగదీశాను. ఇల్లంతా నల్లటి ప్లాస్టిక్ పొడి. పప్పులో కూడా ఆవాలకూ దానికీ తేడా తెలియలేదు.

తర్వాత వైర్లు. సాన్వా బటన్ల కాళ్ళకు 2.8 మిల్లీమీటర్ల లగ్గులు, అంటే వైరు చివర బిగించే రేకు తొడుగులు, పడతాయి. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకు పోయి అడిగాను.

"బండికా, బోరుకా?" అన్నాడు షాపాయన.

"జాయ్‌స్టిక్‌కు."

"గది ఎన్ని హెచ్‌పీ సార్?"

చేతులతో కడ్డీ తిప్పినట్టు చూపించాను. ఆయన కాసేపు చూసి, జేసీబీ పార్టులు ములుగు రోడ్డులో దొరుకుతాయన్నాడు. చివరికి ఒక డబ్బా బోర్లించాడు. అన్నీ 6.3వే, కారు హారన్‌కు పట్టేవి. వాటిని ప్లాయర్‌తో నొక్కి సరిపెట్టుకొమ్మని సలహా కూడా ఇచ్చాడు. పావు కిలో తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. నాలుగు షాపులు తిరిగి, చివరికి లగ్గులూ వైర్లూ కలిపి 600 పెట్టి ఆన్‌లైన్‌లోనే తెప్పించాను. కాకపోతే ఆ తిరుగుడులో సోల్డరింగ్ ఐరన్, క్రింపింగ్ ప్లాయర్, మల్టీమీటర్ కొన్నాను. 2,900. అవి జాయ్‌స్టిక్ ఖర్చులోకి రావు. అవి ఇంటి ఆస్తి. ఫ్రిజ్ కొని కూరగాయల పద్దులో ఎవరైనా రాస్తారా?

ఎనిమిది బటన్లకూ ఒక కాలు వేరువేరు వైరుతో, నొక్కిన సంగతి కంప్యూటర్‌కు చెప్పే బోర్డుకు పోతుంది. రెండో కాలు అందరికీ ఉమ్మడి గ్రౌండ్. ఒకే నల్ల వైరు ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు గొలుసులా పోతుంది. వినాయక మండపం దగ్గర లైట్లు కట్టినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మూడో లగ్గు నుంచి ముందుకు పోయే వైరు ఊడితే నాలుగు నుంచి ఎనిమిది దాకా అన్నీ పడుకుంటాయి, పాపం మొదటి మూడు మాత్రం పని చేస్తూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. నేను ఐదు బటన్లు చెడిపోయాయని ఐదు కొత్తవి కార్టులో పెట్టుకున్నాక ఊడిన వైరు కనిపించింది. కార్టులోంచి తీసేశాను. 2,250 మిగిలినట్టే, కానీ నేను నిజాయితీపరుణ్ణి, దాన్ని ఆదాలో రాయలేదు.

అన్నీ బిగించి ప్లగ్గు పెట్టాను. కడ్డీని పైకి నెడితే బొమ్మ ఎడమకు నడిచింది. జేఎల్ఎఫ్ అడుగున నాలుగు స్విచ్‌లు, ఐదు వైర్లు. నల్లది గ్రౌండ్, మిగతా నాలుగూ నాలుగు దిక్కులు. కడ్డీని పెట్టెలో ఏ వైపు తిప్పి బిగించామన్నదాన్ని బట్టి ఏ రంగు ఏ దిక్కో మారుతుంది. నేను పావు చుట్టు తిప్పి బిగించానన్నమాట. వరంగల్ కోటలో కాకతీయులు నాలుగు దిక్కులకు నాలుగు తోరణాలు నిలబెట్టారు, నాలుగూ ఒక్క తీరే ఉంటాయి. స్కూలు పిక్నిక్‌లో ఏ తోరణంలోంచి లోపలికొచ్చానో తెలియక గంటసేపు ఏడ్చిన వాణ్ణి నేను. దిక్కుల విషయంలో నా చరిత్ర అది.

కడ్డీ కింద దాని కదలికకు హద్దు పెట్టే చదరపు చట్రం ఉంటుంది, దాన్ని గేటు అంటారు, మూలకు నెడితే ఏటవాలు దిక్కు తగులుతుంది. ఎనిమిది మూలల గేటు వేస్తే చేతికి ఇంకా బాగా తెలుస్తుందంటారు. 500 పెట్టి నేను కొనలేదు. పుస్తకంలో రెండో పద్దు: 'ఆదా: 500.'

బోర్డు సంగతి చెప్పాలి. మొదట 700 పెట్టి ఒక బోర్డు కొన్నాను. దాని పేరే 'జీరో డిలే'. నొక్కిన మాట కంప్యూటర్‌కు చేరడానికి ఆలస్యం సున్నా అని. ఒకసారి 'నాన్‌స్టాప్' అని రాసి ఉన్న బస్సెక్కాను, జనగామ వచ్చేలోపు ఎనిమిది చోట్ల ఆగింది. ఇదీ అదే జాతి. ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేములు నడుస్తాయి, ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. నేను ఓడిపోతున్నది ఆ మిల్లీసెకన్లలోనే అని తేల్చుకున్నాను. రెడీమేడ్ మంచి బోర్డు 5,000 ఉంది. నేను రాస్ప్‌బెర్రీ పై పికో తీసుకున్నాను. 2021 జనవరిలో 4 డాలర్లకు వచ్చిన చిన్న బోర్డు, నాకు 450 పడింది. దాని మీదున్న చిన్న బటన్‌ను నొక్కి పట్టి యూఎస్‌బీ గుచ్చితే కంప్యూటర్ దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుంటుంది. జీపీ2040-సీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫైలు ఒకటి అందులో వేస్తే చాలు, లేచి జాయ్‌స్టిక్ అయి కూర్చుంటుంది. అద్భుతమైన వస్తువు. ఇక్కడ వెటకారమేమీ లేదు. పద్దు మూడు: 'ఆదా: 4,550.'

మొత్తం 18,150. కూడి చూసుకోండి.

ఇంత చేశాక తెలిసింది, అసలు లోపం బరువులో ఉందని. డబ్బా తేలిక. నేను ఎడమకు కొడితే మనిషికంటే ముందు డబ్బా ఎడమకు పోతోంది. కొత్తవాడలో నేసిన వరంగల్ జంపఖానా ముక్క ఒకటి ఇంట్లో ఉంటే కత్తిరించి అడుగున అతికించాను. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన నేత అది, కూర్చోవడానికి పుట్టింది. గాజు బల్ల మీద ఐసు ముక్కలా జారింది.

అప్పుడు పాలంపేట గుర్తొచ్చింది. 1213 నాటి రామప్ప గుడి. శిఖరానికి నీళ్ళ మీద తేలే ఇటుకలు వాడి, పునాదిలో ఇసుక నింపారు. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా నిలబడింది, 2021లో యునెస్కో వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. నా డబ్బా సరిగ్గా సగం రామప్ప: పైన తేలిపోయేంత తేలిక, కింద ఇసుక లేదు. ఆ సగం నేను పూర్తి చేద్దామనుకున్నాను. పక్కింట్లో ఇల్లు కడుతున్నారు. రెండు పాల కవర్లలో ఇసుక నింపి, మూతి కట్టి, బటన్ల కింద సర్దాను.

కదలలేదు. బండలా కూర్చుంది. ఆ సాయంత్రం నేను నిప్పుల బంతులు వరసగా మూడు వేశాను. కాకతీయుల తర్వాత ఈ విద్య మళ్ళీ నా చేతిలోనే పండిందని మా మేనల్లుడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మర్నాడు కడ్డీ తిప్పితే కరకరమంది. పప్పులో రాయి పంటి కింద పడ్డ చప్పుడు. లగ్గు అంచు కవరుకు గుచ్చుకుంది. ఇసుక జేఎల్ఎఫ్ కీలులో ఉన్న గ్రీజుకు అంటుకుని చలిమిడి ముద్దలా తయారైంది. రెండు బటన్లు నొక్కితే లోపలికి పోయి, వచ్చే పని పెట్టుకోలేదు. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో స్విచ్ తోముతుంటే మా ఇంటావిడ వచ్చి నిలబడింది.

"కుక్కరు పిడి ఊగవట్టి ఆరు నెలలాయె. దాని స్క్రూ గూడ జపాన్ నుంచే రావాల్నా?"

నేను తోముతూనే ఉన్నాను. కొన్ని ప్రశ్నలు జవాబు కోసం అడిగేవి కావు.

ఇసుక బదులు ఇనుప సామాను కొట్లో 2 కిలోల పాత తూకం రాయి దొరికింది. గ్రీజుతో కలిపి 160. ప్లైవుడ్ ముక్క మీద బిగించాను. ఇప్పుడు నా స్టిక్కు ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అది నాణ్యతకు గుర్తు.

ఆదివారం మేనల్లుడు కాజీపేట నుంచి వచ్చాడు. వాడి ల్యాప్‌టాప్ కీబోర్డు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి, ఒక కీ ఊడితే దాని బుడిపె మీదే నొక్కుతున్నాడు. మొదటి ఆట వాడిది. రెండోదీ వాడిదే. పదకొండు ఆటలయ్యాక, "మామా, చాయ్ తాగుదమా?" అన్నాడు. నాకు ఓటమి బాధ లేదు. నా ప్రతి ఓటమీ ఇప్పుడు ఆలస్యం లేకుండా, నేను నొక్కినది నొక్కినట్టుగానే జరుగుతోంది.

చాయ్ తాగుతూ వాడు స్టిక్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కడ్డీ మార్చినవ్, బటన్లు మార్చినవ్, బోర్డు మార్చినవ్, అడుగు మార్చినవ్. నువ్వు కొన్నది ఏది మామా ఇండ్ల?"

మీది మూత చూపించాను. నిప్పులు కక్కుతున్న డ్రాగన్ స్టిక్కర్ ఉంది, అంచులు లేచాయి. మా నాయన స్కూటరుకు ఇంజను మారింది, బాడీ మారింది, సీటు మూడుసార్లు మారింది. నంబరు ప్లేటు మారలేదు, ఆర్‌సీ బుక్కు ప్రకారం అదే స్కూటరు. వాడికి ఇది అర్థం కావడానికి ఇంకా వయసుంది.

మా ఇంటావిడ మాత్రం పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో తన లెక్క వేసుకుంది. 13,510 అని కింద రెండు గీతలు కొట్టింది. అందులో మల్టీమీటర్‌ను కూడా కలిపింది, అది పద్ధతి కాదు. అయినా వాదించలేదు, ఎందుకంటే ఇప్పుడు నా ముందు ఇంకో సమస్య ఉంది.

తీసేసిన పాత పార్టులన్నీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. పాత కడ్డీ, రబ్బరు బటన్లు, అసలు బోర్డు, ఆ జీరో డిలే బోర్డు కూడా. అన్నీ బాగానే పని చేస్తాయి, ఒక్కటీ చెడిపోయినవి కావు. పారేయడానికి చేతులు రావు. వాటికి తగిన పెట్టె ఒకటి దొరికితే, ఖర్చు లేకుండా రెండో స్టిక్కు తయారైనట్టే, మేనల్లుడికి ఇవ్వొచ్చు. రాత్రి పదకొండు దాకా వెతికాను. ఖాళీ పెట్టె ఎవరూ అమ్మడం లేదు. 1,900కి ఒకచోట ఉంది గానీ, దానితో పాటు లోపల స్టిక్కు కూడా ఉచితంగా ఇస్తున్నారు.