బిల్లు పాసైతే ఇల్లు పోదు

అమెరికాలో ఏదైనా పాత ఇంటికి నేషనల్ పార్క్ సిస్టమ్ (జాతీయ పార్కులు, చారిత్రక స్థలాల ఫెడరల్ వ్యవస్థ) అఫిలియేషన్, అంటే అనుబంధ హోదా, ఇచ్చే బిల్లు కాంగ్రెస్‌లో పెట్టారంటే చాలు, ఒకే రకం మెసేజ్ చక్కర్లు కొడుతుంది. "ఇల్లు ఫెడరల్ ప్రభుత్వం పాలవుతుంది. చుట్టుపక్కల వాళ్ళు గోడ కట్టుకోవాలన్నా పర్మిషన్ అడగాలి. ఖర్చంతా మన టాక్సులే. చివరికి మిగిలేది ఒక బోర్డు." తెలుగు గ్రూపుల్లోనూ ఇదే ఫార్వర్డ్ అవుతోంది. ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

మొదటిది, ఇల్లు ప్రభుత్వపరం అవుతుందన్న మాట. మన ఊళ్ళో జేఎన్‌టీయూ అఫిలియేషన్ ఉన్న ప్రైవేటు కాలేజీ యూనివర్సిటీ ఆస్తి అయిపోయిందా? ఇక్కడా అంతే. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్‌లో చిత్రకారుడు థామస్ కోల్ ఇల్లుంది. హడ్సన్ నది లోయ ప్రకృతి దృశ్యాలు గీసిన చిత్రకారులకు ఆద్యుడాయన. 1836లో ఆ ఇంటి యజమాని మేనకోడలిని పెళ్ళాడి, 1848లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు (మన లెక్కలో ఇల్లరికమే). 1999 డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి ఆ ఇంటిని నేషనల్ హిస్టారిక్ సైట్‌గా, పార్క్ సిస్టమ్‌కు అనుబంధ స్థలంగా ప్రకటించింది. యాజమాన్యం, నిర్వహణ గ్రీన్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ చేతుల్లోనే కొనసాగుతాయని ఆ చట్టంలోనే రాశారు. 2001లో ఇంటిని సందర్శకులకు తెరిచిందీ, ఎప్పుడో కూల్చేసిన కోల్ స్టూడియోను 2016లో మళ్ళీ కట్టించిందీ స్థానిక సంస్థలే.

ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే రోడ్ ఐలాండ్‌లోని టూరో సినగాగ్ ఉంది. అది ఇల్లు కాదు, యూదుల ప్రార్థనా మందిరం. కానీ హోదా ఇదే, 1946 నుంచీ ఉంది. మరి ఆ మందిరం ఎవరిదన్న గొడవ ఈమధ్య కోర్టుకెక్కినప్పుడు కొట్లాడుకున్నది ఎవరు? న్యూపోర్ట్‌లోని యూదుల సంఘం ఒకవైపు, న్యూయార్క్‌లోని యూదుల సంఘం మరోవైపు. 2017లో అప్పీలు కోర్టు న్యూయార్క్ సంఘం వైపు తీర్పిచ్చింది. ఏడు దశాబ్దాల అఫిలియేషన్ తర్వాత కూడా అది సర్కారు ఆస్తి కాలేదు.

ఇక పక్కింటివాళ్ళ భయం. ఇది మనవాళ్ళకు ఇట్టే ఎందుకు ఎక్కుతుందో నాకు అర్థమవుతుంది. చార్మినార్, గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 నాటి చట్ట సవరణ అది. ఆ అనుభవంతో 'నేషనల్' అన్న మాట వినగానే టెన్షన్ పడతాం. కానీ అమెరికాలో ఒక ఇంటికి అఫిలియేషన్ వచ్చినంత మాత్రాన దాని చుట్టూ అలాంటి వలయమేదీ గీయరు. పక్క స్థలాల్లో ఏం కట్టొచ్చో తేల్చే జోనింగ్ స్థానిక ప్రభుత్వాల పనే.

"న్యూజెర్సీ పైన్‌ల్యాండ్స్ మాటేమిటి?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. అదీ అనుబంధ ప్రాంతమే, అక్కడ ఆంక్షలు గట్టిగానే ఉన్నాయి. అయితే అది దాదాపు 11 లక్షల ఎకరాల అడవి, పొలాలు, ఊళ్ళు. మొత్తం ప్రాంతానికి ఒక ప్లాన్ తయారు కావాలని 1978 నాటి ఫెడరల్ చట్టమే కోరింది. 1979లో న్యూజెర్సీ తన సొంత చట్టంతో పైన్‌ల్యాండ్స్ కమిషన్‌కు అధికారాలిచ్చింది. ఆంక్షలు పుట్టింది వాటిలోంచి. ఒక ఇంటి బిల్లులో అలాంటి కమిషన్ ఊసు ఉందో లేదో చదివితే తెలిసిపోతుంది. ఇలాంటి బిల్లులు తరచూ రెండు మూడు పేజీలకు మించవు, భయపడే ముందు అవి చదవడం పెద్ద పనేం కాదు.

ఖర్చు సంగతి. రోజువారీ నిర్వహణ యజమాని సంస్థదే. టికెట్లు, విరాళాలు, గ్రాంట్లు వాళ్ళే చూసుకోవాలి. ఒప్పందం కుదిరితే జాతీయ పార్కులను నడిపే ఫెడరల్ సంస్థ పార్క్ సర్వీస్ నుంచి సాంకేతిక సాయం, కొంత ఆర్థిక సాయం రావచ్చు. అంతేగానీ రేంజర్ల జీతాలతో ఒక పూర్తి పార్కును నడిపినట్టు కాదు.

"మిగిలేది బోర్డే" అన్న మాట చూస్తే నవ్వొస్తుంది. ఇల్లంతా లాగేసుకుంటారనీ, ఏమీ ఇవ్వరనీ, రెండూ ఒకే మెసేజ్‌లో! ఈ హోదా రావాలంటే ఆ స్థలానికి పూర్తి స్థాయి పార్కులకు కావలసినంత జాతీయ ప్రాధాన్యం ఉండాలి. పార్క్ సర్వీస్ ప్రమాణాల ప్రకారం నడుపుతామని, కట్టడాన్ని కాపాడుతామని రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. పాత గోడను ఎలా రిపేర్ చేయాలో తెలిసిన నిపుణుల సలహా ఒక చిన్న స్థానిక సొసైటీకి ఎంత అవసరమో అలాంటి ఇల్లు నడిపేవాళ్ళకు తెలుసు.

ఈమధ్య కొత్తగా కలిసిన వాదన: "ఇప్పుడు అఫిలియేషన్ అంటారు, తర్వాత మెల్లగా మింగేస్తారు." ఇందులో సగం నిజం ఉంది. వాషింగ్టన్‌లో మహిళల హక్కుల కోసం పోరాడిన నేషనల్ ఉమన్స్ పార్టీ అనే సంస్థ ఉన్న సీవాల్-బెల్మాంట్ హౌస్ 1974లో అనుబంధ స్థలమైంది, 2016లో పూర్తి స్థాయి నేషనల్ మాన్యుమెంట్ అయింది. కానీ మధ్యలో 42 ఏళ్ళు ఆ ఇల్లు పార్టీ చేతుల్లోనే ఉంది. 2016లో ప్రభుత్వం లాక్కోలేదు, పార్టీయే ఇచ్చింది. దానికి ఒబామా విడిగా ప్రకటన జారీ చేయాల్సి వచ్చింది, 1974 నాటి హోదా దానంతటదే మారిపోలేదు.