కుక్కకు ఎండదెబ్బ తగిలితే ఉల్లిగడ్డ రసం కాదు, నీళ్ళు కావాలి

ఎండలు ముదిరితే చాలు, హనుమకొండ, కాజీపేట కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. కుక్కలు పెంచుకునేవాళ్ళు తప్పక చదవాలి, పది మందికి పంపాలి అని ఉంటుంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇదీ. కుక్క బొచ్చు మొత్తం గొరిగించాలి. వేడి చేస్తాయి కాబట్టి గుడ్డు, కోడికూర మాన్పించి పెరుగన్నమే పెట్టాలి. ఎండదెబ్బ తగిలితే ఉల్లిగడ్డ రసం మజ్జిగలో కలిపి తాగించాలి, జ్వరం గోళీ వేయాలి. చల్లటి నీళ్ళు మాత్రం ఒంటిమీద పోయొద్దు, గుండె ఆగిపోతుంది, తడి గోనెసంచి కప్పాలి. గోమార్లు పడితే కిరోసిన్ రాయాలి. సాయంత్రం 5 దాటితే వాకింగ్‌కు తీసుకుపోవచ్చు. ఎండలు తగ్గేదాకా టీకాలు వేయించొద్దు. కుక్క లేచి నడిస్తే గండం గడిచినట్టే.

నీడన ఉంచాలని, నీళ్ళు ఎప్పుడూ అందేలా పెట్టాలని కూడా ఉంది. ఆ రెండూ నిజమే. మిగిలినవాటిలో కొన్ని పనికిరానివి, కొన్ని ప్రాణం తీసేవి. పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారు. కుక్క మీద ప్రేమ ఉన్నవాళ్ళే దీన్ని నమ్మి, నమ్మినందుకు కుక్కను పోగొట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు కుక్క ఒళ్ళు ఎట్లా చల్లబడుతుందో చూడాలి. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల కింది మెత్తల్లో తప్ప చెప్పుకోదగ్గ చెమట లేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న పెద్ద ఆధారం. నాలుక మీది తడి, నోటి లోపలి తడి ఆవిరవుతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇట్లాగే. గాలి ఆడని చోట, ఉక్కపోసే చోట కుండా చల్లబడదు, కుక్కా చల్లబడదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి దాదాపు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. మే నెలలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు కొత్తేమీ కాదు, రామగుండం, మంచిర్యాల దిక్కు ఇంకా కాస్తుంది. బయటి గాలే ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు రొప్పడం తప్ప దానికి వేరే దిక్కు లేదు. పగ్ లాంటి అణిగిన ముక్కు కుక్కలకైతే శ్వాసదారి పుట్టుకతోనే ఇరుకు, రొప్పినా చాలదు. మెసేజ్‌లోని ప్రతి చిట్కానూ ఈ ఒక్క విషయంతో పోల్చి చూస్తే ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేలిపోతుంది.

ఇక గొరిగించడం. పామరేనియన్, జర్మన్ షెపర్డ్, హస్కీ లాంటివాటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైపొర ఎండను చర్మం దాకా రానివ్వదు. రాలిపోయి లోపల చిక్కుకున్న మెత్తటి బొచ్చే గాలి ఆడకుండా చేస్తుంది. దువ్వితే పోయేది అదే, మిషన్ పెట్టి తోలు కనపడేదాకా తీస్తే రెండూ పోతాయి. మా పక్కింటి అక్క వాళ్ళ పామరేనియన్‌కు ఏప్రిల్‌లో ఇట్లాగే నున్నగా తీయించారు. వారం తిరక్కముందే వీపు మీద చర్మం ఎర్రగా కందిపోయింది. దసరా నాటికి కూడా నడుము దగ్గర బొచ్చు సరిగ్గా రాలేదు, చేయి పెడితే గరుకుగా తగిలేది. ఈ జాతుల్లో కొన్నిటికి గొరిగిన చోట బొచ్చు నెలల తరబడి రాకపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన సంగతే. రోజూ దువ్వండి. పొట్ట కింద, పాదాల మధ్య, మలద్వారం చుట్టూ పెరిగినది మాత్రం కత్తిరించండి. షిజూ లాగా బొచ్చు పెరుగుతూనే ఉండే కుక్కలకు పొట్టిగా కత్తిరించినా తప్పులేదు, కానీ చర్మం బయటపడకూడదు.

నాకు అన్నిటికన్నా భయం పుట్టించింది ఉల్లిగడ్డ మాట. ఎండకు పోయేటప్పుడు జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం, వడదెబ్బ తగిలితే అరికాళ్ళకు రసం రాయడం మన ఇళ్ళల్లో పెద్దలనుంచి వస్తున్న అలవాటు. అందుకే ఈ చిట్కా చదవగానే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఉల్లిగడ్డలోని గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీసి పగలగొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిగడ్డ తింటే కుక్క రక్తంలో ఆ దెబ్బ కనపడుతుంది. 5 కిలోల పామరేనియన్‌కు లెక్క వేస్తే 75 గ్రాములు, అంటే మధ్యరకం ఉల్లిగడ్డ ఒక్కటి. రసం తీశారంటే రెండు మూడు గడ్డల సారం ఒక గిన్నెలోకి వచ్చేస్తుంది. వండినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. ఎల్లిగడ్డ, అంటే వెల్లుల్లిదీ అదే జాతి, ఇంకా ఘాటు.

పైగా ఈ దెబ్బ వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగైదు రోజులు గడిచాక చిగుళ్ళు తెల్లబడతాయి, కుక్క మూలకు పడుకుంటుంది, మూత్రం ముదురు టీ రంగులో వస్తుంది. అప్పటికి ఉల్లిగడ్డ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, ఎండకే అట్లా అయిందనుకుంటారు. ఇంకో ప్రమాదం ఆ తాగించడంలోనే ఉంది. ఎండదెబ్బకు సోలిపోయిన కుక్క సరిగ్గా మింగలేదు. దవడ పట్టుకొని మజ్జిగైనా, గ్లూకోజ్ నీళ్ళైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గిన్నె ముందు పెట్టండి. తనంతట తాను తాగితే మంచిది, తాగకపోతే బలవంతం చేయొద్దు. ఇప్పటికే ఎవరైనా ఉల్లిగడ్డ తినిపించి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఎంత పెట్టారో, ఎప్పుడు పెట్టారో డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఉప్పు నీళ్ళు పట్టి వాంతి చేయించే పని అసలు పెట్టుకోవద్దు.

జ్వరం గోళీ సంగతి. కుక్క ఒంటిమీద చేయి వేస్తే మనకు ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. థర్మామీటర్‌లో మనిషికి 102 అంటే జ్వరం. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. ముక్కు పొడిగా ఉంటే జ్వరమన్న మాట కూడా నమ్మదగింది కాదు, నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది. సరిగ్గా తెలియాలంటే డిజిటల్ థర్మామీటర్‌తో మలద్వారంలో చూడాలి. అయినా ఎండదెబ్బ జ్వరం కాదు. బయటి వేడి లోపల చిక్కుకుపోవడం. దాన్ని గోళీ దించలేదు. మనం వాడే పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీయగలదు, ఇబుప్రోఫెన్ కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలను పాడుచేస్తుంది. ఇంట్లో ఉన్న గోళీ ఏదీ డాక్టర్ చెప్పకుండా వేయొద్దు.

చల్లటి నీళ్ళు పోస్తే గుండె ఆగిపోతుందన్న భయం మాత్రం ఊరికే పుట్టలేదు. చన్నీళ్ళు తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందని ఒకప్పుడు పశువైద్యులే చెప్పేవారు. ఆ సలహా మారింది. ఇప్పుడు వాళ్ళు చెప్పేది, ముందు చల్లబరచండి, తర్వాత దవాఖానకు బయలుదేరండి అని. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటాక గడిచే ప్రతి నిమిషం మెదడుకు, పేగులకు, కిడ్నీలకు నష్టమే. నీళ్ళు పోయకుండా ఆపే సలహా ఆ నిమిషాలనే మింగేస్తుంది.

కాబట్టి కుక్క ఆగకుండా రొప్పుతూ, చొంగ చిక్కగా తీగలా కారుతూ, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగి, నడక తూలితే, వెంటనే నీడకు తెచ్చి నీళ్ళు పోయండి. పొట్ట, గజ్జలు, చంకలు, కాళ్ళు, వీపు అంతా తడవాలి, బొచ్చు కిందికి చర్మం దాకా దిగాలి. ముక్కులోకి, నోట్లోకి పోకుండా తల పైకెత్తి పట్టుకోండి. ఫ్యాను పెట్టండి, లేకపోతే అట్టముక్కతో విసరండి. తడి, గాలి రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. ఇక్కడ మన ఊళ్ళో ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం 3 గంటలకు మిద్దెమీది ట్యాంకు నల్లా తిప్పితే చేయి కాలేంత వేడి నీళ్ళొస్తాయి. తొందరలో ఆ పైపే కుక్క మీదికి తిప్పుతారు. ఎండకాలమంతా పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ళు పట్టి బాత్రూమ్‌లో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ముసలి కుక్కను, జబ్బు కుక్కను ఐసు నీళ్ళల్లో ముంచే పని వద్దు, బకెట్ నీళ్ళు, ఫ్యాను చాలు. రొప్పడం తగ్గి మామూలుకు వస్తుంటే, థర్మామీటర్ ఉంటే 103 ఫారెన్‌హీట్ దగ్గరికి దిగితే, నీళ్ళు ఆపేయండి. లేకపోతే మరీ చల్లబడుతుంది.

తడి గోనెసంచి కప్పితే కాసేపు చల్లగానే ఉంటుంది. తర్వాత ఒంటి వేడికి అదే వెచ్చబడి ఆవిరిని పోనివ్వదు. సంచిని తడిపి కింద పరిచి దానిమీద పడుకోబెట్టండి, పైన మాత్రం కప్పొద్దు. ఎయిర్ కూలర్‌దీ ఇదే లెక్క. తలుపులు, కిటికీలు మూసి కూలర్ వేస్తే గదంతా ఉక్క. కూలర్ ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి. మిద్దె మీద రేకుల గూడు కట్టి అందులో కుక్కను కట్టేసేవాళ్ళకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే, రోహిణి కార్తె పోయేదాకా దాన్ని కిందికి తెచ్చుకోండి.

తిండి విషయంలో మెసేజ్ చెప్పేది సగం మన వంటింటి నమ్మకమే. గుడ్డు, కోడికూర తిన్నందుకు కుక్కకు ఎండదెబ్బ తగలదు. ఒట్టి పెరుగన్నం మీద నెలల తరబడి ఉంచితే మాత్రం మాంసకృత్తులు చాలక కండ తగ్గుతుంది, పెరిగే కుక్కపిల్లలకైతే ఎదుగుదలే దెబ్బతింటుంది. పెరుగన్నం కొద్దిగా పెట్టొచ్చు, దాంతోపాటు ఉడికించిన గుడ్డు, ఉప్పుకారం లేకుండా ఉడికించిన బొక్కల్లేని కోడిమాంసం కూడా పెట్టండి. మార్చాల్సింది వేళలు. పొద్దున 6 గంటలకు, రాత్రి 8 దాటాక పెడితే అది తినగలుగుతుంది. ఎండకాలంలో కొంచెం తక్కువ తినడం సహజమే. కొన్న దాణా పెట్టేవాళ్ళు నీళ్ళు కలిపి నానబెట్టి పెట్టొచ్చు.

ఈ నెలల్లో మన ఇళ్ళల్లో చేతికందే వస్తువులే కుక్కకు అసలు ప్రమాదం, వాటి గురించి మెసేజ్‌లో ఒక్క మాటా లేదు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయి, సేమియా పాయసం గిన్నె నాకనివ్వొద్దు. మామిడి టెంక మింగితే పేగులో ఇరుక్కుంటుంది, ఆపరేషన్ దాకా పోతుంది. ఉడికిన కోడి బొక్కలు మొనదేలి విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. పుచ్చకాయ మాత్రం గింజలు, తొక్క తీసి నాలుగు ముక్కలు పెట్టండి, ఇష్టంగా తింటుంది.

గోమార్లకు కిరోసిన్ అస్సలు వద్దు. చర్మం కాలుతుంది, కుక్క నాకుతుంది, ఆ వాసన, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంత చేసినా గోమార్లు తగ్గవు, ఎందుకంటే అవి గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, గోడ పగుళ్ళల్లో, మంచం సందుల్లో, గూటి మూలల్లో. ఒకటి రెండు ఉంటే చిన్న చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని నిదానంగా, నిటారుగా లాగండి, వేళ్ళతో నలపొద్దు. ఎక్కువుంటే కుక్క బరువు చూసి డాక్టర్ మందు రాస్తారు, ఇల్లు కూడా శుభ్రం చేయాలి. తిండి మానేసి, జ్వరంతో, ముక్కునుంచి రక్తం కారితే అది గోమార్లతో వచ్చే జబ్బు కావచ్చు, అదే రోజు చూపించండి.

సాయంత్రం 5కి హంటర్ రోడ్డు మీదో, కాలనీ సీసీ రోడ్డు మీదో చెప్పులు విడిచి నిలబడండి, కుక్క తరఫున జవాబు దొరుకుతుంది. అరచేయి వెనకభాగం రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దాని పాదాలకు పనికిరాదు. పొద్దున ఆరింటికి ముందు తిప్పుకొస్తే చాలు. వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర ఆ వేళకు గాలి కూడా బాగుంటుంది.

టీకాలకు ఎండకాలం, వానకాలం లేవు. కుక్కపిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బుల టీకా మొదలుపెట్టి డాక్టర్ చెప్పిన గడువుల్లో మళ్ళీ వేయించాలి. 3 నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా. ఎండలు తగ్గేదాకా ఆగితే పార్వో ఆగదు, రేబిస్ ఆగదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా దాదాపు చావే. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఎంజీఎం లాంటి ప్రభుత్వ దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టాలి. టీకా వేయించడానికి కుక్కను పొద్దున చల్లగా ఉన్నప్పుడు తీసుకుపోండి, అంతే.

చివరిది, లేచి నడిస్తే గండం గడిచినట్టేనన్న మాట. ఎండదెబ్బ తిన్న కుక్క నీళ్ళు పోశాక లేచి తోక ఊపొచ్చు, రాత్రికి అన్నం కూడా తినొచ్చు. లోపలి దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. కిడ్నీలు మొరాయిస్తాయి, రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, విరేచనంలో రక్తం పడుతుంది, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. అందుకే తేరుకున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించాలి. బయలుదేరే ముందు ఫోన్ చేసి దవాఖాన తెరిచి ఉందో లేదో కనుక్కోండి. కారులో ఏసీ వేయండి, ఆటోలో అయితే గాలి తగిలేలా కింద తడిబట్ట మీద పడుకోబెట్టండి, ఒళ్ళో పెట్టుకొని గట్టిగా హత్తుకోవద్దు. ఎంతసేపు ఎండలో ఉంది, ఎన్నింటికి పడిపోయింది, ఎంతసేపు నీళ్ళు పోశారు, ఏం తాగించారు, ఈ నాలుగూ చీటీ మీద రాసుకుపోయి డాక్టర్‌కు ఇవ్వండి. ఉల్లిగడ్డ రసం గానీ, గోళీ గానీ ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. ఆయన ఇచ్చే మందు దాన్నిబట్టే మారుతుంది.